శ్వాసరోగము – వాహన ధూమము

చరక సంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయం పేరు జనపదోద్ధ్వంసనీయం. మనుష్యుల ప్రకృతి, ఆహారం, వయస్సు వేరువేరుగా ఉండగా ఒకే వ్యాధి ఊరందరినీ ఏకకాలంలో ఏల పీడిస్తుందని అందులో ప్రశ్న. అందరికీ ఉమ్మడిగా ఉన్నవి వాయువు, జలం, దేశం, కాలం గనుక, అవి చెడితే అందరూ చెడుతారని ఆత్రేయ మహర్షి సమాధానం. దుష్టవాయు లక్షణాలలో ఇసుక, ధూళి, పొగ మూడింటినీ చెప్పారు. గురుకులంలో ఈ పాఠం వల్లె వేసిన నాడు ఇది పూర్వకాలపు ముచ్చటగానే నాకు తోచింది.

మా టేకుమట్లలో మానేటి ఇసుక లారీలు సాగే దారి పక్కన ఒక ఇల్లు. ఆ ఇంటి తొమ్మిదేళ్ళ బాలుణ్ణి నాయనమ్మ తీసుకువచ్చింది. "సారూ, రాత్రంత పిల్లికూతలే. పిలగాడు పండుతలేడు" అన్నది. అడ్డసరపాకు కషాయం, తేనెతో సితోపలాది చూర్ణం ఇచ్చాను. తగ్గేది, మళ్ళీ వచ్చేది. వేసవిలో అమ్మమ్మ ఊరిలో నెలన్నర ఉన్నాడు. మందు మరచినా కూత లేదు. తిరిగివచ్చిన వారానికే మళ్ళీ మొదలు. నిదాన పరివర్జనమే ప్రథమ చికిత్స అని శిష్యులకు చెప్పే నేను, దానిని పథ్యం వరకే పరిమితం చేసుకున్నానని అప్పుడు గ్రహించాను.

ధూళి పాలెంతో, పొగ పాలెంతో ఒక్క బాలుణ్ణి చూసి తేల్చలేము. అయితే డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లోనే నిర్ధారించింది.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజి-6 ప్రమాణాలు వచ్చాయి. ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్ళకు 50 నుండి 10 పాళ్ళకు తగ్గింది. డీజిల్ కారు కిలోమీటరుకు విడువదగిన సూక్ష్మధూళి 25 మిల్లీగ్రాముల నుండి 4.5కు దిగింది. మేలైన నిర్ణయమే, కానీ ఇది కొత్త బండ్లకు మాత్రమే. పాత లారీ పాత పొగనే వదులుతుంది. ప్రమాణాలు నిర్ణయించేది కేంద్రమైనా, ఫిట్‌నెస్ పరీక్ష, పొగ తనిఖీ, వాహన పన్ను రాష్ట్రం చేతిలోనివి. అక్కడ కఠినంగా ఉండాలని నా అభిప్రాయం.

కొన్నేళ్ళ క్రితం నా పాత స్కూటరుకు పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం వెళ్ళాను. సైలెన్సరులో గొట్టం పెట్టనే లేదు. నంబరు ప్లేటు ఫోటో తీసుకొని కాగితం ఇచ్చారు. నేనూ సంతోషంగానే జేబులో వేసుకున్నాను. నాడి పట్టకుండా మందు వ్రాసే వైద్యుణ్ణి నేనైతే క్షమించను!

పాత బండే జీవనాధారమైన ఆటోవాని సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. లంఘనం కూడా రోగి బలం చూసి చేయించవలసిందే. కనుక భారీ లారీలతో ఆరంభించవచ్చు. ఇసుకకు అనుమతినిచ్చేది ప్రభుత్వమే కదా! స్టేజి-6 లారీకే లోడు అని నియమం పెడితే, గడువిచ్చి, చిన్న యజమానులకు ఋణసాయం చేస్తే, మార్పు సాధ్యమే.

అంతవరకు గృహస్థులు చేయదగినవి కొన్ని. దారివైపు కిటికీలు లారీల రద్దీవేళ మూయండి. చీపురుతో దుమ్ము లేపక తడిగుడ్డతో తుడవండి. పెద్దలు ఉదయం ముక్కున రెండేసి చుక్కల అణుతైలం వేసుకోవచ్చు. ఉబ్బసమున్న పిల్లలకు వైద్యుని అడగనిదే వద్దు. ఇన్‌హేలర్ వాడుతున్నవారు నా మందులు నమ్మి దానిని మానరాదు.

ఆ బాలుని మంచాన్ని ఇప్పుడు వెనుక వసారాలోకి మార్చారు. కూత కొంత తగ్గింది. లారీల వేళ మాత్రం నాయనమ్మ వాకిలి తలుపు వేసి కూర్చుంటున్నది.