ఈమెయిలు ఖాతా: దాని పుట్టుక, వాడుక, కాపుదల



సంఘమునకు వచ్చు సభ్యులలో పలువురు “అయ్యా, మాకు ఈమెయిలు ఖాతా ఉన్నదట, అదేమో మే మెఱుగము” అని చెప్పుచున్నారు. మన ఫోనులలో పెక్కింటికి మొదటనే గూగుల్ ఖాతా కావలసి యుండుటచే, దుకాణమువాడో, ఇంటి పిల్లవాడో యొక ఖాతా తెఱచి యిచ్చును. రైతు దానికి యజమానుడేగాని, దాని పొలిమేర లెఱుగడు. కావున ఈ నెల ఎరువుల ప్రసంగమును ఆపి, ఈ ఖాతాను గూర్చి కొంత వ్రాయుచున్నాము.

పుట్టుక

పూర్వము కంప్యూటరు గది నిండ నుండు యంత్రము. ఊరుమ్మడి చెఱువువలె దానిని పలువురు పంచుకొని వాడుచుండిరి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున, అట్టి యొకే యంత్రమును వాడువారు ఒకరికొకరు జాబు వ్రాసి యుంచుకొనుటకు 1965లో ఏర్పాటు జరిగెను. ఆ జాబు యంత్రము దాటి పోదు. 1971లో రే టాంలిన్సన్ అను ఇంజనీరు ఆర్పానెట్ అను కంప్యూటర్ల వలయము మీదుగ ఒక యంత్రమునుండి వేఱొక యంత్రమునకు జాబు పంపెను. ఆ యంత్రములు రెండును ప్రక్కప్రక్కనే యుండినవి. అయినను జాబు వలయము మీదుగనే పోయెను. మనిషి పేరును యంత్రము పేరును వేఱుచేయుటకు ఆయన @ అను ‘ఎట్’ గుర్తు నెన్నుకొనెను. వర్తకులు బిల్లులలో ధరకు ముందు ‘చొప్పున’ అను అర్థమున వేయు గుర్తే యిది.

పైరుతో కలుపును మొలచినది. 1978లోనే ఒక కంప్యూటర్ల కంపెనీ వర్తకుడు అడుగని వారికి సుమారు 400 మందికి ప్రకటన జాబు పంపెను. 1982లో జాబులను ఒక యంత్రము వేఱొక యంత్రమున కందించు నియమములును, 1992లో బొమ్మలు, పత్రములు జతచేయు నియమములును ఏర్పడినవి. మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న లభించెను. 1996 జూలై 4న సబీర్ భాటియా యను భారతీయుడును, జాక్ స్మిత్ అను నతడును అమెరికాలో హాట్‌మెయిల్‌ను ప్రారంభించిరి. రుసుము లేకుండ, ఏ కంప్యూటరు నుండియైనను తన జాబులు చూచుకొను సౌకర్యము దీనిచే పలువురి కందెను. 2004 ఏప్రిల్ 1న గూగుల్ జీమెయిల్‌ను ప్రకటించి, ఇతరులు కొలది మెగాబైట్ల చోటిచ్చు కాలమున ఒక గిగాబైటు చోటిచ్చెను.

జాబు పోవు విధము

చిరునామాలో @ గుర్తునకు ముందున్నది మీ పేరు. తరువాత నున్నది మీ జాబులను దాచు కంపెనీ పేరు. మీరు పంపిన జాబు మొదట మీ కంపెనీ యంత్రమును చేరును. అది @ తరువాతి పేరు చూచి అవతలి కంపెనీ యంత్రమున కందించును. పుచ్చుకొనువాడు చూచువఱకు జాబు అచ్చటనే యుండును. కావున ఫోను కాలువలో పడినను జాబులు పోవు. కాని వానిని తెఱచు తాళపుచెవి పాస్‌వర్డు. అది పోయిన, జాబు లుండియు మనకు లేనట్లే.

వాడుక

భూసార పరీక్ష ఫలితము, బ్యాంకు లెక్క, విత్తనముల బిల్లు, బీమా పత్రము: ఇవి ఖాతాలో నున్నచో చెదలు తినవు, వానకు తడియవు. వచ్చిన తేదీయు దానిపై నుండును గనుక తగవు వచ్చినపుడు ఆధారమగును. తెగులు సోకిన ఆకు ఫోటో పంపువారు ఆకు పైభాగమును, అడుగుభాగమును వేఱువేఱుగ తీయవలెను. ‘విషయము’ అను చోట పైరు పేరు, ఊరి పేరు వ్రాయవలెను. లోపల విత్తిన తేదీ, వేసిన ఎరువు, కొట్టిన మందు తెలుపవలెను. ఉత్త ఫోటో వచ్చిన, మే మేమియు చెప్పజాలము.

మా తప్పు

కొన్ని యేండ్లక్రిందట ఒక గ్రామమున ఏడుగురు రైతులకు మేమే ఒక సాయంకాలమున ఖాతాలు తెఱచితిమి. అందఱికి నొకే పాస్‌వర్డు పెట్టి, ఫోను నంబరు మాది వ్రాసితిమి. పని త్వరగ ముగిసెనని సంతోషించితిమి. తరువాత మా నంబరు మాఱినది. ఆ యేడుగురిలో నొకరికి పంట బీమా విషయమున ఒక పత్రము తక్కువయైనదనియు, 15 దినములలో పంపవలెననియు జాబు వచ్చెను. అంతకుముందే ఆయన ఫోను పగిలినది. క్రొత్త ఫోను పాస్‌వర్డు అడిగెను. మేము పెట్టినది ఆయనకు తెలియదు, మాకును గుర్తు లేదు. దానిని మార్చుటకు రావలసిన సంకేతము మా పాత నంబరునకు పోయెను. గడువు దాటినది, ఆ సొమ్ము ఆయనకు రాలేదు. “మీరు వేసిన తాళమే గదా, అయ్యా!” అని మాత్ర మనెను. ఆ మాట మేము మఱువలేదు. ఈ పాఠము వ్రాయుటకు అదియే కారణము.

కాపుదల

1. ఖాతాలో మీ నంబరుగాని, మీ యింటివారి నంబరుగాని యుండవలెను. నంబరు మాఱిననాడే ఖాతాలోను మార్పవలెను.

2. పాస్‌వర్డు పొడుగుగ నుండవలెను. సర్వే నంబరు, బిడ్డ పేరు పెట్టరాదు. దానిని కాగితముపై వ్రాసి పట్టాదారు పాసుపుస్తకముతో పెట్టెలో దాచుకొనుట తప్పుగాదు.

3. బ్యాంకు పేరు చెప్పి పాస్‌వర్డుగాని, ఓటీపీగాని అడుగు జాబును నమ్మరాదు. పంపినవాని చిరునామాలో @ తరువాతి భాగమును చదువుడు. అది సరిగ నున్నను వానిని తెలుపరాదు. మోసమున సొమ్ము పోయినచో జాగు సేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

4. ఇతరుల కంప్యూటరులో తెఱచిన ఖాతాను మూసి లేవవలెను.

5. నెల కొకసారి ఖాతా తెఱచి చూడుడు. రెండేండ్లు వాడని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుండి తొలగించుచున్నది.

ఖాతా వివరము తెలియని సభ్యులు తమ ఫోనుతో, వీలైన చదువుకొన్న బిడ్డను వెంటబెట్టుకొని, సంఘము కచేరికి రాగోరెదము. దారి మేము చూపెదము. పాస్‌వర్డు మాత్రము మీరే మీ చేతితో పెట్టవలెను. ఆ సమయమున మేము మొగము ప్రక్కకు త్రిప్పుకొందుము.