వర్తక పాఠం: గిరాకీని బట్టే సైకిల్

సఖినేటిపల్లి: పంటి మీద వశిష్ఠ గోదావరి దాటి ఈ రేవుకు వచ్చే వాడుక సైకిల్‌ను వర్తకులు ఒకసారి పరిశీలించాలి. లావు గొట్టాలు, వెనుక గట్టి క్యారియర్, బలమైన స్టాండు, మడ్‌గార్డులు. అది కొబ్బరికాయల బస్తా మోయాలి, ఏ ఊళ్ళోనైనా బాగుపడాలి. కొనేవారు ఇదే అడిగారు, తయారీదారులు ఇదే చేశారు. బరువు 20 కిలోలకు అటూ ఇటూ ఉన్నా ఎవరూ ఆక్షేపించలేదు.

ట్రాక్ పందెపు సైకిల్ ఇందుకు పూర్తిగా భిన్నం. బ్రేకులుండవు. గేరు ఒక్కటే, చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. అంతర్జాతీయ నిబంధన ప్రకారం కనీస బరువు 6.8 కిలోలు. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వెలోడ్రోమ్ కట్టారు. అయితే ట్రాక్ ఉన్నంత మాత్రాన చిల్లర గిరాకీ పుట్టదు. ఈ సరుకు కొనేది క్రీడాకారులు, వారి సంఘాలే.

జపాన్‌లో దీనికే స్థిరమైన మార్కెట్ ఏర్పడింది. 1948లో కొకురాలో మొదలైన కేరిన్ పోటీలపై జనం పందెం కాస్తారు. సైకిల్ వల్ల ఏ ఒక్కరికీ అదనపు లాభం లేదన్న నమ్మకం వారికి ముఖ్యం. అందుకే విడిభాగాలపై ఎన్‌జేఎస్ ఆమోద ముద్ర తప్పనిసరి అయింది. సంప్రదాయ కేరిన్‌లో ఉక్కు ఫ్రేమే నిలిచింది. చిన్న తయారీదారులకు ఆర్డర్లు దక్కాయి గాని, నమూనా పెద్దగా మారలేదు.

ఒలింపిక్స్ గిరాకీ వేరు. అక్కడ కొనేది వేగం. 1992లో బార్సిలోనాలో బ్రిటన్‌కు చెందిన క్రిస్ బోర్డ్‌మన్ లోటస్ కార్బన్ ఫైబర్ సైకిల్‌పై 4,000 మీటర్ల పర్స్యూట్ స్వర్ణం గెలిచారు. ఇటువంటి ప్రత్యేక నమూనాల విషయంలో అంతర్జాతీయ సమాఖ్య తరువాత షరతులు బిగించింది. పోటీలో వాడే సామగ్రి మార్కెట్లోనూ అమ్మకానికి ఉండాలన్నది వాటిలో ఒకటి.

డీలర్లకు ఇందులో పాఠం ఉన్నది. ఉదాహరణకు లక్ష రూపాయల సైకిల్‌పై 10 శాతం లాభం, అనగా 10,000 రూపాయలు వస్తాయనుకుందాం. పెట్టుబడిపై ఏటా 12 శాతం వడ్డీ అయితే నెలకు 1,000 రూపాయలు. పది నెలలు సరుకు కదలకపోతే లాభం మొత్తం వడ్డీకే సరి.

కనుక నిల్వ పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కొనేది ఎవరు? మళ్ళీ కొంటారా? విడిభాగాలు దొరుకుతాయా? సమాధానం సందేహమైతే అడ్వాన్సు పుచ్చుకుని ఆర్డరు మీదే తెప్పించడం క్షేమం.