పోస్టు పెడితే స్టేషన్‌కు రమ్మంటున్నారు

ప్రశ్న: కాలనీ మురికికాలువ గురించి కార్పొరేటర్‌ను విమర్శిస్తూ ఫేస్‌బుక్‌లో రాశాను. స్టేషన్‌కు రమ్మని ఫోనొచ్చింది. పోస్టు తీసేయాలా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తొందరపడి తీసేయకండి. ప్రజాప్రతినిధిని విమర్శించే హక్కు రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణ మీకిచ్చింది. పరువునష్టం, నేరానికి పురికొల్పడం వంటి హద్దులు 19(2)లో ఉన్నాయి. అందుకే కాలువ గురించి ఎంతైనా రాయండి, ఆయన ఇంటివాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఐటీ చట్టం 66ఎ సెక్షన్ అని ఎవరైనా బెదిరిస్తే, 2015లోనే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసిందని చెప్పండి. ‘సృజన’ సాహిత్య పత్రిక సంచికలు నిషేధానికి గురైన రోజులు చూసిన ఊరు మనది. ఈ హక్కును తేలిగ్గా వదులుకోవద్దు.

పోస్టు, కాలువ ఫొటోలు తేదీలతో దాచుకోండి. మర్యాదగా రాతపూర్వక నోటీసు అడగండి. అది వస్తే తప్పక హాజరవ్వండి. కేసు నమోదైతే ఆ రోజే న్యాయవాదిని కలవండి. ఉచిత న్యాయసాయం కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.