శ్రీశైలం నడకకు కెమెరా

ఎర్రగుంట్ల

అల్లుడూ,

శివరాత్రికి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం నడిచిపోతానని, అందుకు పెద్ద కెమెరా కొంటానని రాసినావు. కొను, కానీ తూకం చూసి కొను. వెంకటాపురం దాటి నాగలూటి దారి పట్టినాక పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం దాకా అంతా నల్లమలే. కిలోన్నర జూమ్ లెన్సు అంగట్లో ముచ్చటగానే ఉంటుంది. భీముని కొలను దిగి మళ్లీ మెట్లెక్కేటప్పుడు మాత్రం సంచిలోకి పోతుంది, ఇంక బయటికి రాదు. ఒక చిన్న బాడీ, ఒకే లెన్సు, అన్నీ కలిపి అర కిలోకు అటూఇటూ ఉంటే చాలు. దాన్ని రొమ్ము మీద, చెయ్యి పడేచోట కట్టుకో.

గుడి లోపలికి కెమెరా తీసుకుపోనీరు. కాబట్టి నీ ఫొటోలన్నీ దారిలోనివే. ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించినాడు. ఆ కొండమెట్ల మీద ముసలవ్వల పాదాలు చూడు, బొబ్బలకు గుడ్డపేలికలు చుట్టుకున్నోళ్లను చూడు. నాకైతే గోపురం ఫొటో కంటే అవే ముఖ్యం. అడిగి తియ్యి. చెంచుల గూడెంలో అయితే అడగకుండా కెమెరా ఎత్తనే ఎత్తొద్దు.

శివరాత్రి అమావాస్యకు ముందురోజు వస్తుంది కదా, రాత్రి వెన్నెల మీద ఆశ పెట్టుకోవద్దు. మంటల వెలుగులో ముఖాలు తియ్యాలంటే 1.8 అపెర్చరు లెన్సు పనికొస్తుంది. ఫ్లాష్ మాత్రం వద్దు, అలిసి పడుకున్నోళ్ల కండ్లలో కొట్టినట్టుంటుంది. మధ్యాహ్నం ఎండలో విభూతి పెట్టిన నుదురు తెల్లగా పాలిపోతుంది, ఎక్స్‌పోజరు ఒక మెట్టు తగ్గించు. అడవిలో ఛార్జింగ్ దొరుకుతుందని నమ్ముకోవద్దు. రెండు బ్యాటరీలు అదనంగా పెట్టుకో, తీసిన ఫొటోలు చూసుకుంటా స్క్రీను వెలిగించొద్దు.

మన ఊరి సిమెంటు దుమ్ము తెలుసు కదా, అద్దం మీద పడితే తువ్వాలుతో తుడవొద్దు, గీతలు పడతాయి. రబ్బరు బ్లోయరుతో ఊదేసి ఆ తర్వాతే మెత్తటి గుడ్డ పెట్టు. దారిలోని ఎర్రదుమ్ముకూ అంతే.

కొన్నాక ముందు గండికోటకు రా. సంచి నిండా నీళ్ల బాటిళ్లు వేసుకుని పెన్నా లోయ అంచున పొద్దున్నించి నడుద్దాం. పదకొండు గంటలకు మెడ నొప్పి పుడితే ఆ కెమెరా మార్చు. బిల్లు పారెయ్యకుండా దాచు.

ఇట్లు,
మీ మామ