యూరప్ పార్లమెంటులో సీట్ల పంపకం

మనిషికొక ఓటు, ప్రతి ఓటుకూ సమాన విలువ – రాజనీతి శాస్త్రంలో మొదట నేర్చుకొనే పాఠం ఇదే. యూరోపియన్ పార్లమెంటు దగ్గరికి వచ్చేసరికి ఈ సూత్రం చిక్కున పడుతుంది. 27 దేశాలు, సుమారు 45 కోట్ల జనం. 2024 ఎన్నికల నుండి 720 స్థానాలు. జనాభా లెక్కనే పంచితే స్థానానికి 6 లక్షల పైచిలుకు మంది. అప్పుడు 5 లక్షల పైచిలుకు జనం గల మాల్టాకు ఒక్క సీటైనా నిండుగా రాదు. పోనీ ఒకటిచ్చారే అనుకోండి, ఆ దేశపు అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ సభకు వెళ్లేదెలా?

అందుకే 2009లో అమలుకు వచ్చిన లిస్బన్ ఒడంబడిక ఏ దేశానికీ సీట్లు 6కు తగ్గరాదు, 96కు మించరాదు అన్నది. ఈ రెంటి నడుమ పెద్ద దేశానికి సీట్లు పెరుగుతాయి గాని, జనాభా పెరిగినంతగా పెరగవు. ఫలితం చూడండి: జర్మనీ సభ్యుడొకరు 8 లక్షలకు పైగా జనానికి ప్రతినిధి, మాల్టా సభ్యుడు 90 వేల చిల్లర మందికి. అంటే మాల్టా ఓటుకు సుమారు తొమ్మిది రెట్ల బరువు!

విచిత్రమేమంటే, ఏ దేశానికి సరిగ్గా ఎన్ని అన్నదానికి ఒడంబడికలో గణిత సూత్రమేదీ లేదు. దేశాధినేతల మండలి ఏకగ్రీవంగా నిర్ణయించాలి, పార్లమెంటు ఒప్పుకోవాలి. తేటగా చెప్పాలంటే బేరమే. 2011లో కొందరు గణితవేత్తలు కేంబ్రిడ్జిలో కూడి, తలా 5 సీట్లిచ్చి మిగతావి జనాభా ప్రకారం పంచమన్నారు. లెక్క సులువే, కాని సీట్లు పోగొట్టుకొనే దేశాలు ఒప్పుకోవద్దూ? 2020లో బ్రిటన్ వైదొలగినప్పుడు దాని 73 సీట్లలో 27ను 14 దేశాలకు సర్దారు. ఏ దేశానికీ ఉన్నవి తగ్గించలేదు.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం మాత్రం 2009లోనే కుండబద్దలు కొట్టింది: ఓట్లకు సమాన విలువ లేదు గనుక ఇది వేర్వేరు దేశాల ప్రజల ప్రతినిధి సభే గాని, యూరప్ ప్రజలందరిదీ ఒక్కటైన సభ కాదని.