ఉపగ్రహానికి క్రోమియం కనిపించదు, అయినా పటం గీయవచ్చు

పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీరా వైపు సాగిన కథ పాతదే. ఆ కాలుష్యంపై వ్యాజ్యం 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి మట్టిని ఎక్స్-రే ఫ్లోరసెన్స్ పద్ధతిలో పరీక్షించి, క్రోమియం, ఆర్సెనిక్ వంటి మూలకాలు సహజ స్థాయిని మించి ఉన్నాయని 2001లో ప్రచురించారు.

అయితే ఆ అంకెలు నమూనా తీసిన చోటుకే వర్తిస్తాయి. పక్క చేను సంగతేమిటి? రైతుకు కావలసింది ఆ జవాబే. లోహాలు పురుగుమందుల్లా కాలక్రమంలో విచ్ఛిన్నం కావు. కాడ్మియం లాంటివి వేళ్ల ద్వారా గింజలోకీ చేరతాయి. అలాగని ప్రతి మడి మట్టినీ ల్యాబ్‌కు పంపడం అయ్యే పని కాదు.

ఇక్కడే ఉపగ్రహం పనికొస్తుంది. కానీ ఒక అపోహ తొలగాలి. కిలో మట్టిలో మిల్లీగ్రాముల్లో ఉండే క్రోమియం ఏ కెమెరాకూ చిక్కదు. చిక్కేది దాన్ని పట్టి ఉంచే పదార్థం. లోహ అయాన్లు ఐరన్ ఆక్సైడ్లకు, బంకమట్టికి, సేంద్రియ పదార్థానికి అంటుకుంటాయి. ఐరన్ ఆక్సైడ్లు 900 నానోమీటర్ల దగ్గర, బంకమట్టి ఖనిజాలు 2,200 దగ్గర కాంతిని పీల్చుకుంటాయి. 2022లో కక్ష్యలోకి వెళ్లిన జర్మనీ ఉపగ్రహం ఎన్‌మ్యాప్ ఈ రెండింటినీ చూడగలదు. క్షేత్రంలో తీసిన నమూనాల ఫలితాలను, అదే చోట ప్రతిఫలించిన కాంతితో జతచేసి కంప్యూటర్‌కు నేర్పిస్తే, మిగతా నేల గురించి అది అంచనా కడుతుంది. అంటే పటంలోని రంగు కొలత కాదు, లెక్కగట్టిన ఊహ. ఈ తేడాను పటాలు చూపేవాళ్లు తరచూ చెప్పరు.

పైరు ఉంటే నేల కనపడదు. అప్పుడు ఆకులను అడగాలి. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని మింగి, 700 నానోమీటర్లు దాటగానే కాంతిని ఒక్కసారిగా వెనక్కి పంపుతుంది. పత్రహరితం తగ్గితే ఆ మలుపు తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. చిక్కేమిటంటే, నీటి ఎద్దడి వచ్చినా, నత్రజని చాలకపోయినా అదే జరగవచ్చు.

ఎన్‌మ్యాప్ ఒక్కో పిక్సెల్ 30 మీటర్ల చదరం, దాదాపు 9 గుంటలు. వాగు ఒడ్డున సన్నని మడులు పక్క పొలంతో కలిసిపోతాయి. పైగా కనిపించేది పైపొర మాత్రమే. అందుకే కోతలయ్యాక, వానలకు ముందు, నేల ఎండి ఖాళీగా ఉన్నప్పుడు తీసిన చిత్రాలే మేలు. వాటిలో అనుమానం రేకెత్తించిన చోటికి పార, సంచి పట్టుకుని మళ్లీ మనిషే వెళ్లాలి.