కొండను చూచు విధము

విద్యార్థులారా! కొండ యెక్కినవారు పెక్కుమంది కలరు. కొండను చూచినవారు కొందరే. ఒక్కమారు శిఖరమును ముట్టి దిగివచ్చినంతమాత్రమున కొండ మనకు తెలిసినట్లు కాదు. ఒకే కొండను వేసవియందును, వానకాలమందును, చలికాలమందును చూచినవానికే దాని స్వభావము బోధపడును. ఈ సత్యమును నాకు నేర్పినవి శేషాచలపు కొండలు. నేర్చుకొనుటలో నేను చేసిన యొక తప్పును గూడ మీకు చెప్పెదను.

శేషాచలము తూర్పు కనుమలలోని కొండల వరుస. తిరుమల క్షేత్రము దీనిమీదనే కలదు. భక్తులు అలిపిరినుండి 3,500కు పైగా మెట్లెక్కి పోవుదురు. వారిలో పెక్కుమంది మెట్లను లెక్కించెదరేగాని ప్రక్కనున్న చెట్లను చూడరు. ఈ అడవులలోనే తలకోన జలపాతము సుమారు 270 అడుగుల యెత్తునుండి దుముకును. ఎర్రచందనము ఈ కొండలందును, వీని పరిసరపు అడవులందును తప్ప ప్రపంచమున మరెచ్చటను సహజముగా పెరుగదు. 2010లో ప్రభుత్వము శేషాచలమును జీవావరణ పరిరక్షణ మండలముగా ప్రకటించెను.

ముప్పదియైదేండ్ల క్రిందట ఆ కొండల పాదమున నున్న యొక యూరి పాఠశాలలో నేను తెలుగు పండితుడుగా చేరితిని. ఋతువర్ణనము బోధించునపుడు పుస్తకములోని వసంతము చాలదని తోచి, ఫాల్గుణమాసమున పిల్లలను కొండకు తోడ్కొనిపోయితిని. అపుడు కొండ యెండి బోసిగా నుండెను. కాని మోదుగుచెట్లపై ఆకొక్కటియు లేకున్నను కొమ్మకొమ్మయు నిప్పులు చెరుగుచున్నట్లు పూచియుండెను. బండల సందులలో కొండగోగు పసుపుపచ్చని పెద్దపూలతో నిలిచియుండెను. ఎండకాలమున నీరు చాలదు గనుక చెట్లు ఆకు రాల్చి నీటిని పొదుపు చేసికొనును. ఆకులు అడ్డు లేకపోవుటచే పక్షులకును తేనెటీగలకును పూవులు దూరమునుండియే కనబడును. వైశాఖమున మరల పోగా రేలచెట్లు బంగారుగుత్తులు వ్రేలాడదీసెను. ఎర్రచందనమునకు చేవ యెరుపే గాని పూవు పసుపని పిల్లలు అపుడే తెలిసికొనిరి.

శ్రావణమున మూడవమారు పోయితిమి. తొలివానలకే కొండ గుర్తుపట్టరాకుండ పచ్చబడెను. ఒక వాలుమీద అగ్నిశిఖ పొదలపై అల్లుకొని విరియబూచెను. దీనినే పల్లెవారు అడవినాభి యందురు. దాని ఆకుల కొనలే నులితీగలై ప్రక్కకొమ్మలను చుట్టుకొనును. రేకులు అంచులయందు ముడతలుపడి, క్రింద పసుపును పైన ఎరుపునునై, మంటవలె పైకి లేచియుండును.

ఆ శోభను చూచి నేను మైమరచి, “ఈ మొక్కను వేరుతో గూడ తెచ్చినవానిని తరగతిలో మెచ్చుకొందును” అంటిని. మాట ముగియకమునుపే పిల్లలు పరుగిడిరి. గడియలో ఇరువదికి పైగా తీగలు గడ్డలతో సహా నా ముందర పడినవి. వంటచెరకు ఏరుకొనుచున్న యొక అవ్వ అది చూచి కేకవేసెను. “పిల్లలారా, చేతులు నోట పెట్టుకొనకుడు! ఆ గడ్డ విషము!” అని వారిని వాగుకడకు తీసికొనిపోయి చేతులు రుద్ది కడిగించెను. పిమ్మట నావంక తిరిగి, “అయ్యవారూ, పూవు కోసినను తీగ బ్రతుకును. గడ్డయే పోయినచో మరుసటేడు పూవెచ్చటినుండి వచ్చును?” అని యడిగెను. నాకు నోట మాట రాలేదు. నాగలివంటి ఆకారము గల ఆ గడ్డవలననే సంస్కృతమున దానికి ‘లాంగలి’ యను పేరు కలిగినదని నాకు తెలియును. వానలు వెనుదీసిన పిదప తీగ యెండిపోయినను, ఆ గడ్డయే మట్టిలో నిదురించి మరుసటి వానకు మేలుకొనునని మాత్రము నేనెన్నడు తలపోయలేదు. పేరు నెరిగితిని, బ్రతుకు నెరుగనైతిని.

మరుసటి శ్రావణమున అదే వాలుకడకు పోయితిమి. రెండు తీగలు మాత్రమే పూచియుండెను. ఎవ్వరును మాటాడలేదు. నన్ను మెప్పింపగోరి అందరికంటె ఎక్కువ గడ్డలు త్రవ్విన బాలుడు తలవంచుకొని నిలిచెను. “తప్పు నీది కాదు, నాయనా! చెప్పినవాడను నేను” అంటిని. ఆనాటినుండి మేము కొండపూలను తెచ్చుట మానితిమి. పూచిన తావును, మాసమును, పూవు రూపమును పుస్తకములో వ్రాసికొనుట ప్రారంభించితిమి. ఆ పుస్తకమే మమ్ములను ఈశాన్యపు వానలు కురియు కార్తికమున గూడ కొండకు పిలిచెను. అపుడు వాగులు నిండి పారుచుండెను. బాటల ప్రక్కన తంగేడును, తెల్లని గునుగును పూచియుండెను. నాలుగు మారులు చూచిన కొండ నాలుగు కొండలై మాకు కనబడెను.

బాలురారా! మీ యూరి చెంత కొండ యున్నచో పెద్దలతో గూడి పొండు. అడవి రక్షితమైనచో అటవీశాఖవారి అనుమతి పొందుడు. తెల్లవారుజాముననే బయలుదేరుడు. త్రాగునీటిని మరువకుడు; బాట విడువకుడు; ఎరుగని ఆకును కాయను నోట పెట్టకుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మరల రావలెనను తలపుతో పొండు. ఒక్కమారే వచ్చువాడు చేతికందినదానిని తీసికొనిపోవును. మరల వచ్చువాడు దానిని అచ్చటనే యుంచిపోవును. వాని కొరకే కొండ మరల పూచును.